ఇంట్లో గవ్వల చెక్క ఉండగా ప్లాస్టిక్ ప్లేటు ఎందుకండీ?

పెయింట్ స్టిక్‌తో రుద్ది వేసిన దుపట్టా గానీ, దిండు గలీబు గానీ చూసినవాళ్ళు ఎవరైనా సరే, మొదట అడిగేది ఒకటే. "ప్లేటు ఎక్కడ కొన్నారు?" గుడ్డ ఏమిటని అడగరు. రంగు ఎన్నాళ్ళకి ఆరుతుందని అడగరు. ప్లేటు కొనలేదండీ, అది మా ఇంట్లో గవ్వలు చేసుకునే చెక్క అని చెప్పామా, మొహంలో ఉత్సాహం కాస్తా తగ్గిపోతుంది. "ఓహో, ఇంట్లోదేనా!" అంటారు. కొన్నది అయితే కళ, ఇంట్లోది అయితే కాలక్షేపం అన్నమాట. ఆ "ఇంట్లోదేనా" అన్న మాట మీదే నా పోట్లాట.

తెలియనివాళ్ళ కోసం ముందు ఈ పని ఏమిటో చెప్తాను. చిన్నప్పుడు మనమందరం నోటుబుక్కు కాగితం కింద రూపాయి బిళ్ళ పెట్టి పెన్సిల్‌తో రుద్దినవాళ్ళమే. మూడు సింహాలు కాగితం మీదకి వచ్చేస్తుంటే నోరు తెరుచుకుని చూసినవాళ్ళమే. ఇదీ అదే పని. కాగితం బదులు గుడ్డ, పెన్సిల్ బదులు పెయింట్ స్టిక్. గుడ్డ కింద ఎత్తుపల్లాలున్న వస్తువు ఏదైనా పెట్టి, పైనుంచి రుద్దితే ఎత్తుగా ఉన్నచోట రంగు అంటుతుంది, పల్లంగా ఉన్నచోట గుడ్డ గుడ్డలాగే ఉండిపోతుంది. అంతే సంగతి.

పెయింట్ స్టిక్ అంటే ఆయిల్ పెయింట్‌ని కడ్డీలా పోతపోసింది. రంగు పొడి, ఆరే గుణమున్న నూనె, కాస్త మైనం కలిపి చేస్తారు. షివా పెయింట్‌స్టిక్ అనే పేరుతో వచ్చేవి ఈ పని చేసేవాళ్ళకి బాగా తెలుసు. పిల్లల ఆయిల్ పేస్టల్స్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటాయి కానీ రెండూ ఒకటి కాదు. ఆయిల్ పేస్టల్‌లో వాడే నూనె ఎన్నటికీ ఆరదు. దానితో దుపట్టా వేస్తే ఎన్ని రోజులైనా వేలికి అంటుతూనే ఉంటుంది. పెయింట్ స్టిక్‌లో నూనె గాలి తగిలి గట్టిపడుతుంది. అందుకే వాడకుండా పక్కన పెడితే పాల మీద మీగడ కట్టినట్టు దాని కొస మీద ఒక పొర కడుతుంది. ఆ పొరని కాగితంతో ఒలిచేసి వాడుకోవాలి.

కాబట్టి కడ్డీ కొనక తప్పదు. అది ఇంట్లో తయారయ్యేది కాదు, చవకదీ కాదు. దాని మీద నాకు తగువు లేదు. నా తగువంతా ఆ కడ్డీతో పాటు అంటగట్టే ప్లాస్టిక్ ప్లేట్లతో. రబ్బింగ్ ప్లేట్లంటారు. అరచేయంత పలక మీద ఆకులో, గీతలో, చక్రాలో ఎత్తుగా పోసి ఉంటాయి. అవి లేకపోతే ఈ పనే లేదన్నట్టు నేర్పుతున్నారు.

నేనూ మా ఆడపడుచూ కలిసి ఒకసారి ఒక క్లాసుకి వెళ్ళాం. పదిహేనుమందిమి ఉన్నాం. అందరికీ ఒకే రకం పెట్టె, అందులో ఒకే ఆరు ప్లేట్లు. సాయంత్రానికి పదిహేను గుడ్డల మీదా ఒకే ఫెర్న్ ఆకు. మా ఊళ్ళో ఎవరి పెరట్లోనూ ఫెర్న్ మొక్క లేదు. క్లాసు బయట మాత్రం ఇంత పెద్ద బాదం చెట్టు, కింద రాలిన ఎర్రటి ఆకులు. ఒక్కో ఆకు వెనక ఈనెలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. "ఆ ఆకు పెట్టి రుద్దుకోవచ్చా అండీ?" అని మా ఆడపడుచు అడిగింది. "ముందు ప్లేటుతో నేర్చుకోండి, అవన్నీ తర్వాత" అన్నారు. ఆ "తర్వాత" క్లాసులో రానేలేదు. వెళ్ళేటప్పుడు ఇంకో ఆరు ప్లేట్ల పెట్టె చూపించారు.

నాకు ఒళ్ళు మండింది అక్కడే. ఎందుకంటే, ఈ పనిలో మన చెయ్యి బొమ్మ గీయదు. మన చెయ్యి చేసేది రుద్దడమే. బొమ్మ ఇచ్చేది కింద ఉన్న వస్తువు. ముగ్గు వేసినా, కుట్టు కుట్టినా గీత మనది అవుతుంది. ఇందులో మనది అనేది ఉంటే అది ఒక్కటే: ఏ వస్తువు మీద గుడ్డ పరచాలో ఎంచుకోవడం. ఆ ఒక్క ఎంపికనీ ప్లాస్టిక్ పలక అచ్చుపోసిన కంపెనీకి అప్పగించేస్తే ఇంక మనకి మిగిలేదేమిటి? జబ్బ నొప్పి.

మాక్స్ అర్నెస్ట్ అని ఒక చిత్రకారుడు 1925లో ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున ఒక సత్రంలాంటి చోట దిగినప్పుడు, అరిగిపోయిన చెక్క నేల మీద గీతలు చూసి, వాటి మీద కాగితాలు పరిచి సీసం కడ్డీతో రుద్దాడు. దానికి ఫ్రొట్టాజ్ అని పేరు పెట్టారు. ఫ్రెంచి భాషలో రుద్దడమనే అర్థం. మరుసటి ఏడు అలాంటి బొమ్మలతో పుస్తకమే వేశాడు. ఆయన వాడింది ఎవరెవరి కాళ్ళకో అరిగిన నేల. అది ఇప్పుడు మ్యూజియాల్లో కళ. మన గడప మీద మనం రుద్దితే మాత్రం "ఇంట్లోదేనా"!

ఇంట్లో ఏముందంటారా? ఒక్కసారి లేచి వంటింట్లోకి వెళ్ళండి. గవ్వల చెక్క ఉంది, దాని గాళ్ళు వరసగా దువ్వినట్టు పడతాయి. జంతికల గొట్టం బిళ్ళలున్నాయి, నక్షత్రం బిళ్ళ వరసగా నాలుగుసార్లు రుద్దితే అంచు అయిపోతుంది. ఇత్తడి జల్లెడ ఉంది. సన్నికల్లు ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. గంట్లు కొట్టేవాళ్ళు ఉలితో ఒక్కొక్క దెబ్బా వేసుకుంటూ పోయిన ఆ గుంటలు, గుడ్డ మీద చినుకులు పడ్డట్టు వస్తాయి. వెదురు చాట, ఈతాకు చాప, తాటాకు విసనకర్ర, పుల్లలు గుచ్చి కుట్టిన విస్తరాకు, నవారు మంచం, ట్రంకు పెట్టె మూత. వీధిలోకొస్తే గేటు. ఒక్కదానికి కూడా డబ్బు పెట్టక్కర్లేదు.

"మాది అపార్ట్‌మెంటండీ, గడపా లేదు, సన్నికల్లూ లేదు" అంటారు. నిజమే. అలాంటివాళ్ళకి ఒక మాట. మీ చేతికి ముగ్గు వచ్చు కదా? మందపాటి అట్టముక్క తీసుకుని, ఫెవికాల్ సీసా మూతి సన్నంగా తెరిచి, పిండితో వేసినట్టే దాని మీద ముగ్గు వెయ్యండి. రాత్రంతా ఆరనివ్వండి. జిగురు గట్టిపడి గీత ఉబ్బెత్తుగా నిలుస్తుంది. అంతే, ప్లేటు తయారు. మీ అమ్మ వేసే మెలికల ముగ్గు ఏ కంపెనీ ప్లేటులోనూ లేదు. అమ్మ ఓపికగా ఉంటే ఆవిడ చేతే వేయించండి. పొద్దున్న వేస్తే సాయంత్రానికి తొక్కుళ్ళలో పోయే గీత, అట్ట మీద అయితే మనవరాలి దుపట్టా దాకా వస్తుంది.

ప్లేట్ల తరఫున చెప్పే మాట ఒకటుంది, అది అబద్ధం కాదు. ప్లేటు మీద అచ్చు శుభ్రంగా పడుతుంది. గీతలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి, గుడ్డ జారదు, మొదటిసారే బాగా వస్తుంది. పాత పీట మీద అలా రాదు. ఒక పక్క అరిగి ఉంటుంది, మధ్యలో పగులుంటుంది, ఎక్కడో మేకు తల పొడుచుకొస్తుంది. కానీ ఆ అరుగు ఎక్కడిది? మీ మామ్మ అదే పీట మీద ఏళ్ళ తరబడి కూర్చుని కూరలు తరిగితే వచ్చింది. ఆ పగులుని లోపం అనుకుంటే మీరు వెతుకుతున్నది ప్రింటు గుడ్డ. అది బజార్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది, రుద్దే శ్రమ కూడా అక్కర్లేదు.

పైగా కొంచెం జాగ్రత్త తెలిస్తే ఇంటి వస్తువు మీద కూడా అచ్చు శుభ్రంగానే వస్తుంది. గుడ్డని ముందు ఉతికి కొత్త గంజి అంతా వదలగొట్టాలి. మెత్తదనం కోసం వేసే ద్రావకాలు వెయ్యకూడదు. నేత దగ్గరగా, నున్నగా ఉన్న నూలు గానీ పట్టు గానీ మంచిది, ముతక ఖద్దరైతే దాని పోగులే అచ్చులో కనబడతాయి. గుడ్డని బిగుతుగా లాగి నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అంటించాలి. కడ్డీతో గంధం అరగదీసినట్టు గుండ్రంగా తిప్పకూడదు. మన దగ్గర్నుంచి అవతలికి, ఒకే వైపుకి, తేలిగ్గా, రెండుమూడు సార్లు. మళ్ళీ వాడుకోవాల్సిన వంట సామానైతే, దాని మీద ముందు పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి ఆపైన గుడ్డ వెయ్యండి. రంగు తిండి సామానుకి తగలకూడదు.

తర్వాత కనీసం మూడు రోజులు కదపకుండా ఆరబెట్టాలి, రంగు దట్టంగా పూస్తే వారం. ముసురు రోజుల్లో ఇంకాస్త ఓపిక పట్టాలి. ఆరాక గుడ్డ తిరగేసి, కిందా పైనా బేకింగ్ కాగితం పెట్టి, ఆ గుడ్డ తట్టుకునే వేడిలో ఒక్కోచోట పది పదిహేను సెకన్లు ఇస్త్రీ చెయ్యాలి. కిటికీలు తెరిచి పెట్టుకోండి, వాసన వస్తుంది. ఆ తర్వాత మామూలుగా చేత్తో ఉతుక్కోవచ్చు. డ్రై క్లీనింగ్‌కి మాత్రం ఇవ్వకండి, అందులో వాడే ద్రావకాలకి ఈ రంగు కరుగుతుంది. చేతులు తుడుచుకున్న నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఇలాంటి నూనెలు ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండగా ఉంటే వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. విడదీసి ఆరబెట్టి అప్పుడు పారెయ్యండి. ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి ప్లేట్ల పెట్టె అమ్మక్కర్లేదు కదా?

ఇంకో మాట మా ఇంట్లోనే వినబడుతుంది. "ఇంత కష్టమెందుకు, ఫోన్‌లో ఫొటో తీసుకుంటే పోలా?" మా ఆయన మాట ఇది. ఆయనకి చెప్పిన జవాబే మీకూ చెప్తాను.

నేను చదివింది బి.ఏ. తెలుగు. కడప జిల్లా కలమళ్ళ శాసనం గురించి చదువుకున్నాం. ఆరవ శతాబ్దిలో రేనాటి చోళుల కాలంలో వేయించినది, ఇప్పటిదాకా దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదని చెప్పేది. పద్యం కోసం 848 నాటి అద్దంకి శాసనం చదివాం. శాసనాలు చదివే పండితులు రాయి ముందు కూర్చుని చదివేస్తారనుకుంటాం. కాదు. రాతిని శుభ్రంగా కడిగి, తడి కాగితం దాని మీద పరిచి, అక్షరాల గాళ్ళలోకి కాగితం దిగేదాకా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దుతారు. ఎత్తు ఉన్నచోట నలుపు, చెక్కిన అక్షరం తెలుపు. ఆ కాగితం తెచ్చుకుని బల్ల మీద పరుచుకుని చదువుతారు. దేశంలో శాసనాలు ఇలా వేలకి వేలు సేకరించారు. అదీ మన పనికి తోబుట్టువే. తడి కాగితం బదులు పొడి గుడ్డ, అంతే తేడా.

కెమెరాలు వచ్చాక కూడా ఆ పని ఎందుకు మానలేదు? ఫొటో వెలుగు ఎటు పడితే అటు చూపిస్తుంది. చిన్నది చేస్తుంది, పెద్దది చేస్తుంది. అచ్చు అలా కాదు. జానెడు అక్షరం జానెడే ఉంటుంది. రాయిని తాకిన కాగితం అది. రాయి తర్వాత ఎండకీ వానకీ అరిగిపోయినా, కాగితం మిగిలితే అక్షరం మిగులుతుంది. రాజుల దానాలకి దక్కిన ఈ గౌరవం మా మామ్మ సన్నికల్లుకి ఎందుకు దక్కకూడదని నా ప్రశ్న. (అలాగని గుళ్ళలో శాసనాల మీదా, పురావస్తు శాఖవారి కట్టడాల మీదా నూనె రంగు పట్టుకుని బయల్దేరకండి. అది చెయ్యకూడని పని. మీ ఇల్లు మీకు చాలు.)

మా పుట్టిల్లు అమ్మేసినప్పుడు పొలం లెక్కలు కాగితాల మీదకెక్కాయి. బంగారం తూచారు. వెండి తూచారు. ఇత్తడి కూడా తూచారు. రుబ్బురోలూ సన్నికల్లూ ఎవరికీ వద్దు, మొయ్యలేరు. గవ్వల చెక్క, పీటలు పాత సామానులవాడి బండికి. వీధి తలుపు మాత్రం పాత చెక్క కొనేవాళ్ళు వచ్చి బేరమాడి తీసుకుపోయారు. రెండు రెక్కలు, పైన ద్వారబంధం మీద తామరపువ్వుకి అటో చిలక ఇటో చిలక. వాళ్ళు లారీ తెచ్చే రోజుకి ముందు రోజు, నేనూ మా చెల్లీ నూలు గుడ్డ కొని, ఉతికి ఆరేసుకుని వెళ్ళాం. తలుపు తడిగుడ్డతో తుడిచి, ఆరాక గుడ్డ బిగించి, స్టూలెక్కి రుద్దడం మొదలుపెట్టాం. మా పెదనాన్నగారి అబ్బాయి వచ్చి చూసి, "ఏమే, తలుపే పోతుంటే దాని మీద గుడ్డేసి రుద్దుతారేంటే, పిచ్చి పట్టిందా?" అన్నాడు. "నీ వాటా నువ్వు తీసుకున్నావు కదన్నయ్యా, మా వాటా మేం తీసుకుంటున్నాం" అంది మా చెల్లి. ఆయన ఇంక మాట్లాడలేదు. కాసేపాగి స్టూలు కదలకుండా పట్టుకున్నాడు.

ఆ ద్వారబంధం ఇప్పుడు ఎవరి హోటల్లోనో, ఎవరి విల్లాలోనో ఉండే ఉంటుంది. దాని చిలకలు మాత్రం మా చెల్లి ఇంట్లో తెర మీద, మా అమ్మాయి హాస్టల్ గదిలో దుప్పటి మీద ఉన్నాయి. ఎడమ చిలక ముక్కు విరిగి ఉంటుంది. మా తమ్ముడు చిన్నప్పుడు క్రికెట్ బంతి కొడితే పోయిన ముక్కు అది. రెండు గుడ్డల మీదా ఆ ముక్కు లేదు. మా అమ్మ ఆ తెర దగ్గర నిలబడి ఆ ఖాళీ మీద వేలు పెట్టి తడుముతుంది. చెప్పండి, ఏ ప్లేటులో దొరుకుతుంది అది?

ఆస్తి పంపకాల్లో ఆడవాళ్ళ చేతుల కింద అరిగిన సామానుకి లెక్క ఉండదు. తూకానికి రానిది విలువకి రాదు. వాటిని పెట్టుకునే చోటు మన ఇళ్ళలోనూ లేదు, సరే. కానీ పారేసే ముందు ఒక్క గంట, ఒక్క గజం గుడ్డ ఇవ్వలేమా? అవి బండెక్కేటప్పుడు చూస్తూ ఊరుకుని, మర్నాడు ప్లాస్టిక్ ఫెర్న్ ఆకు కొనుక్కొచ్చి "టెక్స్చర్" అని మురిసిపోవడం నాకు మింగుడు పడదు. మనింటి గరుకుని సిగ్గుపడి బయటికి తోసేసి, ఇంకొకరు పోతపోసిన గరుకుని డబ్బిచ్చి తెచ్చుకోవడం కాదూ ఇది?

చివరి ప్రశ్న ఎప్పుడూ వస్తుంది కాబట్టి దానికీ జవాబు చెప్పేస్తాను. "అమ్మితే ఎంతొస్తుంది?" ప్లేటుతో చేస్తే ఏమంత రాదు, అదే ప్లేటు ఇంకో వెయ్యిమంది దగ్గరుంటుంది. మీ మామ్మ పీటతో చేస్తే నిజంగానే ఎవరి దగ్గరా లేని గుడ్డ అవుతుంది, అప్పుడు మీకు అమ్మబుద్ధి కాదు. నాకయితే అమ్మే ఉద్దేశం లేదు. రోజూ మూడు పూటలా వండుతాం, ఎంతొస్తుందని ఎవరూ అడగరు. దీన్నీ అడక్కండి.

ఈ ఆదివారం ఇంట్లో అందరూ నిద్రపోతున్నప్పుడు కళ్ళు మూసుకుని గోడల మీద, తలుపుల మీద, వంటింటి అరల మీద చెయ్యి వేసి నడవండి. వేలు ఎక్కడ ఆగితే అక్కడ గుడ్డ పరవండి. సన్నికల్లు పాత సామానులవాడికి ఇచ్చేద్దామని అత్తగారు ఎప్పటినుంచో అంటుంటే ముందు దాని సంగతి చూడండి. ప్లేటు ఎక్కడ కొనాలో మాత్రం నన్నడక్కండి, చెప్పను.